తొలి నీళ్ళు

మొన్న బడి వార్షికోత్సవంలో డాన్సుకని మా అమ్మాయికి ఒక గ్రాము బంగారం నగల సెట్టు కొన్నాం. పేరు ఒక గ్రామే గానీ అందులో బంగారం ఎంతుందో ఆ దేవుడికే తెలియాలి. చెమట తగిలి అది కాస్త మసకబారింది. ఆదివారం పొద్దున నేను బట్టలు ఆరేసి వంటింట్లోకి వచ్చేసరికి, పిల్ల ఫోనులో ఏదో వీడియో పెట్టుకుని గిన్నెలో చింతపండు పిసుకుతోంది. నెక్లెసు అప్పటికే చేతిలో ఉంది.

"పులుపు తగలనీయద్దే! బంగారానికి నురగ చాలు!" అని అరిచాను.

పిల్ల బెదిరిపోయింది. నేనూ బెదిరాను. ఆ మాట నాది కాదు, ఆ గొంతూ నాది కాదు. అది మా అవ్వది. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు, అనాల్సిన అవసరమూ రాలేదు. తడిసిన చింతపండు వాసన ముక్కుకు తగిలేసరికి లోపలెక్కడో దాక్కున్నది బయటికి తన్నుకొచ్చినట్టుంది. గిన్నె తీసి పక్కన పెట్టి, స్టూలు మీద కూర్చుండిపోయాను.

మాది కళ్యాణదుర్గం నుంచి కుందుర్పి వైపు పోయే బస్సు దిగి, ఎర్రమట్టి దారిలో ఇంకాస్త నడిస్తే వచ్చే ఊరు. వానను నమ్ముకుని వేరుశనగ, వేరుశనగను నమ్ముకుని మేము. ఊరి చివర అమ్మవారి గుడి. గుడి అనగానే గోపురాలు ఊహించుకోవద్దు. మూడు బండలు నిలబెట్టి పైన ఇంకో బండ కప్పిన చోటు, అంతే. లోపల ఒక రాయి, ఆ రాయికి తొడిగిన ఇత్తడి ముఖం.

ఏడాది పొడుగునా దీపాల పొగ, నూనె పట్టి ఆ ముఖం నల్లబడేది. ఉగాది వెళ్ళాక జాతరకు ముందు వచ్చే మంగళవారం దాన్ని కడిగే పని మా ఇంటి కోడళ్ళది. ఎప్పటి నుంచి అంటే ఎవరూ చెప్పలేరు. మా అవ్వకు వాళ్ళ అత్త నేర్పింది, ఆమెకు ఆమె అత్త. అందరూ తోమీ తోమీ అమ్మవారి ముక్కు అరిగిపోయింది. కొత్తవాళ్ళకు రెండు పెద్ద కళ్ళు తప్ప ఇంకేమీ కనిపించేవి కావు. "మా అత్తోళ్ళ చేతులన్నీ ఈ ముక్కు మీదనే ఉండాయి" అనేది అవ్వ, ఎంతో గొప్పగా.

ఆ మంగళవారం కోసం నేను ఎదురుచూసినట్టు పండగల కోసం కూడా ఎదురుచూడలేదు. తెల్లారకముందే అవ్వ వాకిలి అలికి, మూడు రాళ్ళు పెట్టి, వాటికి ఎర్రమట్టి పూసేది. మామూలు రోజుల్లో మా పొయ్యిలోకి సర్కారు తుమ్మ కంపే గతి. ఈ పొయ్యికి మాత్రం వేప కట్టెలే కావాలి. వాటిని ముందు ఏడాదే కొట్టించి మిద్దె మీద ఎండబెట్టి ఉంచేది. కిరసనాయిలు చుక్క తగలకూడదు. ఎండు వేపాకు మీద నిప్పు పెట్టి, ఊదుగొట్టంతో ఊదడం నా వంతు. పొగకు కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే, "ఏడు ఏడు, ఈ పొద్దు ఏడిస్తే ఏడాదంతా నగుతావు" అనేది.

ఇంటికొక చెంబు నీళ్ళు తేవాలి. అది ఊరి కట్టుబాటు. ఆడవాళ్ళు వరసగా వచ్చి, మట్టిబానలో తలా ఒక చెంబు పోసేవాళ్ళు. ప్రతి ఏడూ కుమ్మరి ఇంటి నుంచి కొత్త బాన రావాల్సిందే. ఒకసారి మా అమ్మ, ఇంట్లో అంత పెద్ద ఇనుప బాండలి ఉండగా బాన ఎందుకని అడిగింది. మా అమ్మకూ అవ్వకూ మధ్య ఏ మాటైనా చివరికి గొడవలోకే వెళ్ళేది. "ఇనుములో చింతపండు ఉడికితే ఇనుమే నల్లగా దిగుతాది. అది దొంగ నలుపు" అంది అవ్వ. "అమ్మ ముఖం మీది నలుపు దిగల్ల గానీ, మన బాండలి నలుపు దిగితే ఏం లాభం?"

ఆ నలుపులోనే ఉంది అసలు సంగతంతా. మరిగే చింతపండు నీళ్ళలో ముఖాన్ని దించితే, కాసేపటికి నీళ్ళు రంగు తిరిగేవి. తర్వాత బయటికి తీసి, బూడిదా చింతపండు పిప్పీ కలిపి కొబ్బరిపీచుతో తోమితే వేళ్ళ సందుల్లోంచి నల్లటి రసం కారేది. దాన్ని కడిగిన నీళ్ళు తొలి నీళ్ళు. ఆ ఏడాది ఊరికి పట్టిన కీడంతా, రోగాలు, పశువుల చావులు, తప్పిపోయిన వానలు, అన్నీ అమ్మవారు తన ముఖం మీదికి తీసుకుని ఆ నలుపులో వదిలేస్తుందని నమ్మకం. అవ్వ ఆ నీళ్ళ కుండ చంకనెత్తుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా నడిచి వెళ్ళి, పొలిమేర రాయి అవతల పారబోసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేది. పిల్లకాయలు ఎవరూ వెంట పోకూడదు. మేం కంపచెట్ల చాటున పోయేవాళ్ళమే. ఆమెకు తెలుసని మాకు తెలుసు.

ఆ తర్వాత మళ్ళీ మంచినీళ్ళు పోస్తే వచ్చేవి మలి నీళ్ళు. వాటిని ఇంటికొక చెంబు పంచేవాళ్ళు. ఆ నీళ్ళు విత్తనం మూట మీద చల్లితేగానీ మా ఊళ్ళో ఎవరూ వేరుశనగ విత్తేవాళ్ళు కాదు.

అమ్మవారి చింతపండు నోట పెడితే ఎంగిలి. నేను పెట్టేదాన్ని. ఉప్పు, బెల్లం దాచుకుని మరీ వెళ్ళేదాన్ని. ఒకసారి అవ్వ నన్ను దగ్గరికి పిలిచి, పచ్చి మామిడికాయ ముక్క పళ్ళకు తగిలించింది. జివ్వుమని కళ్ళు మూసుకున్నాను. "పండ్లు పులిసినాయి గదమ్మే. అమ్మ కంటే ముందర నువ్వు రుచి చూసినావా?" అని నెత్తిన ఒకటి మొట్టింది. చింతపిక్కలు మాత్రం నావే. నిప్పుల్లో వేసి కాల్చుకుంటే పొద్దంతా నమలొచ్చు. పని అయ్యేదాకా అవ్వ ఉపవాసం. అయ్యాక జొన్నరొట్టె, వేరుశనగల ఊరుబిండి, ఉల్లిగడ్డ. అంత ఆకలితో ఎవరూ రొట్టె తినగా నేను చూడలేదు.

మిగిలిన నిప్పుల మీద చివరగా ఒక చిన్న పని ఉండేది. చిన్న ముంతలో కుంకుడుకాయలు వేసి కాచి, ఆ నురగతో అవ్వ చెవి కమ్మలు నేను కడగాలి. ఆమెకు ఒంటి మీద ఉన్న బంగారమంతా ఆ రెండు కమ్మలే. పెళ్ళి నాడు పెట్టినవి, ఎప్పుడూ తీసి ఎరగదు. నా ఒడిలో తల పెట్టి పడుకుని కళ్ళు మూసుకునేది. పాత చీర పేలికను నురగలో ముంచి, కమ్మ చుట్టూ మెల్లగా తుడిచేదాన్ని. ఒకసారి చేతికి అంటిన చింతపండు పిప్పితోనే రుద్దబోతే చేయి పట్టేసుకుంది.

"ఇత్తడికి పులుపు కావల్ల. బంగారానికి నురగ చాలు. ఇత్తడి రుద్దేకొద్దీ మెరుస్తాది, బంగారం రుద్దేకొద్దీ అరుగుతాది."

ఆ మాట ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. బంగారాన్ని ఎలా చూసుకోవాలో అవ్వకు తెలియక కాదు ఆ తర్వాత జరిగింది.

కరువు మాకు కొత్త కాదు గానీ, ఆ ఏళ్ళలో అది పోవడం మరిచిపోయింది. వరసగా పంటలు ఎండాయి. పశువులను సంతకు తోలేశారు. బడికి వచ్చే పిల్లలు ఒక్కొక్కరే అమ్మానాన్నల వెంట బెంగళూరు కూలిపనులకు వెళ్ళిపోతుంటే బెంచీలు ఖాళీ అయ్యాయి. తాగేనీళ్ళు ట్యాంకరులో వచ్చేవి. అలాంటప్పుడు బాగుపడేది ఎవరంటే బోరుబండి ఉన్నవాళ్ళే. మా ఊళ్ళో ఒకాయనకు ఉండేది. నీళ్ళు పడినా పడకపోయినా బండి తిరుగుతూనే ఉండాలి కదా. ఆయన్ని అందరూ బోరుబండాయన అనేవాళ్ళు. చెడ్డవాడు కాదు. ఆయన ముందు నవ్వి వెనక ఏడ్చేవాళ్ళు ఉండేవాళ్ళు, అది వేరే సంగతి.

ఆయనకు ఒక్కడే కొడుకు. నా తరగతే. పరుగెత్తితే పెదాలు నీలంగా అయ్యేవి, అందుకని ఆటల్లో వాణ్ణి అంపైరుగా నిలబెట్టేవాళ్ళం. గుండెలో రంధ్రమన్నారు. బెంగళూరులో ఆపరేషను చేయించడానికి వెళ్ళే ముందు బోరుబండాయన గుడి ముందు సాష్టాంగపడి, కొడుకు బతికి ఇంటికొస్తే అమ్మ ముఖానికి బంగారు పూత పూయిస్తానని మొక్కుకున్నాడు. వాడు బతికి వచ్చాడు. చొక్కా గుండీలు విప్పి ఎదమీద కుట్ల గీత మాకందరికీ చూపించాడు. ఊరిపెద్దలను అడిగి, ఆ ఇత్తడి ముఖాన్ని ఆయన బెంగళూరు తీసుకుపోయి పూత వేయించి తెచ్చాడు. బండలగుడి చీకట్లో అది దీపం అక్కర్లేకుండా వెలిగింది. చూడ్డానికి పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. కరువులో మా ఊరికి దక్కిన గొప్ప అదొక్కటే.

అవ్వ కూడా వెళ్ళి చూసింది. చాలాసేపు చూసి, "నల్లగా ఎట్ల అయితాదబ్బా ఇది?" అంది. ఆ మాట అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు.

జాతర దగ్గరికొచ్చింది. "పెద్దమ్మా, ఈసారి పులుపు వద్దు. ఊరికే నీళ్ళు పోసి గుడ్డతో తుడువు" అని బోరుబండాయన ముందే చెప్పి వెళ్ళాడు. అవ్వ తలూపింది. మంగళవారం పొద్దున ఎప్పటిలాగే ఆడవాళ్ళు చెంబులతో వచ్చారు. ట్యాంకరు నీళ్ళలో తాము తాగే వాటా తగ్గించుకుని తెచ్చారు. పొయ్యి వెలిగింది. బానలో చింతపండుకు బదులు ఈసారి కుంకుడుకాయలు పడ్డాయి. బాన దించి నీళ్ళు కాస్త చల్లారాక అవ్వ ముఖాన్ని అందులో ముంచింది, నురగతో కడిగింది, పైకి తీసింది. బంగారం ధగధగలాడింది. బానలోకి అందరూ తొంగిచూశారు.

నీళ్ళు తేటగా ఉన్నాయి.

మా పక్కింటి అత్త ముందుగా నోరు తెరిచింది. ఆమె ఇంట్లో ఆ ఏడే ఎద్దు చచ్చింది, మొగుడు మంచం పట్టాడు. "ఏమత్తా, నలుపు దిగలేదే?"

"బంగారం గదమ్మా. నలుపెట్ల వస్తాది?" అంది అవ్వ.

"మరి మన కీడు యాడ పోయినట్టు? ఇన్నేండ్ల కరువు, ఆ పూత కింద అట్లనే ఉండాదా?"

ఆ మాటతో వాకిలంతా గుబులు పుట్టింది. పొలిమేరకు పోవాల్సింది పోకపోతే ఊళ్ళోనే ఉన్నట్టు. ఉంటే ఈ ఏడు కూడా వాన రానట్టు. ఒకామె ఏడవడం మొదలుపెట్టింది. తేట నీళ్ళు పొలిమేరలో పోస్తే ఏం, పోయకపోతే ఏం అని ఇంకొకామె గొణిగింది. ఇప్పుడు తలుచుకుంటే వింతగా ఉంటుంది గానీ, ఆ వాకిట్లో నిలబడినవాళ్ళకు అది ప్రాణాల మీది సంగతి. నాకూ భయమేసింది.

పక్కింటి అత్త అవ్వ దగ్గరగా జరిగి గొంతు తగ్గించింది. "అత్తా, ఇనుప బాండలి తీ. రొంత చింతపండు వెయ్యి. నల్లగా దిగుతాది. వీళ్ళ మనసు నిమ్మళమైతాది, పూతకూ ఏం కాదు. ఎవురికి తెలుస్తాది?"

అవ్వ ఆమెను చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. "దొంగ నలుపు పోస్తే కీడు పోతాదామ్మే? అమ్మకు లెక్క తెలీదనుకుంటివా?"

ఆ తర్వాత ఆమె ముఖాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బొటనవేలితో ఆ అరిగిన ముక్కును నిమురుతూ ఉండిపోయింది. మా అమ్మ గడపలో నిలబడి, "అత్తా, వద్దు. ఆయప్ప చెప్పిపోయినాడు. వద్దత్తా" అంటూనే ఉంది. కాసేపటికి అవ్వ తలెత్తి నాతో, "చింతపండు తేమ్మే. బూడిద కూడా" అంది.

తోమింది. ముందు ఏమీ రాలేదు. ఇంకా గట్టిగా తోమింది. నుదురు, బుగ్గలు, ముక్కు. చాలాసేపటికి వేళ్ళ మధ్య సన్నటి నల్లటి గీత కనబడింది. "దిగింది! దిగింది!" అని ఆడవాళ్ళు చేతులు జోడించారు. నేను నలుపును చూడలేదు, ముఖాన్ని చూశాను. బుగ్గల మీద, ముక్కు మీద పాలిపోయిన ఇత్తడి బయటపడింది. కళ్ళ గుంటల్లో మాత్రం బంగారం మిగిలింది. అవ్వ తొలి నీళ్ళు ఎత్తుకుని, ఎవరినీ చూడకుండా పొలిమేరకు నడిచింది. ఆ రోజు మేం ఎవరం వెంట పోలేదు.

ఆమె తిరిగి వచ్చేసరికి బోరుబండాయన వాకిట్లో ఉన్నాడు. కడిగిన ముఖాన్ని గంపలో పెట్టి గుడికి చేర్చేటప్పుడు కొడుకు చేయి కూడా తగలాలని వాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. వాడు కొత్త చొక్కా వేసుకున్నాడు. ఆయన గంపలోకి వంగి చూశాడు. చెంబుల ఆడవాళ్ళు ఒక్కొక్కరే మలి నీళ్ళు ముంచుకుని జారుకున్నారు. పక్కింటి అత్త అందరికంటే ముందు వెళ్ళింది.

"ఎవురు తోమింది?" అన్నాడాయన.

"నేనే తోమినానన్నా" అంది మా అమ్మ. నేను నమ్మలేకపోయాను. అవ్వతో రోజూ కొట్లాడే మా అమ్మ.

"నువ్వు గమ్మునుండు" అంది అవ్వ. "నేనేనప్పా తోమింది. నీళ్ళు నల్లగా దిగలేదు. ఊరి కీడు ఊర్లోనే ఉండాదని అందరూ ఏడ్చినారు. తెలిసే తోమినాను."

ఆయన అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. కొడుకు భుజం మీద చేయి వేసి, "ఇది వీని ప్రాణానికి పూయించింది పెద్దమ్మా" అన్నాడు, అంతే. కొడుకును తీసుకుని వెళ్ళిపోయాడు.

అవ్వ అరుగు మీద కూలబడింది. ఆ రోజు రొట్టె ముట్టలేదు. అమ్మ పసుపు ముద్ద కలిపి, అమ్మవారి ముఖమంతా మందంగా మెత్తింది. "పసుపు పూస్తే బంగారమైతే ఏమి, ఇత్తడైతే ఏమి" అని పెద్ద కుంకుమబొట్టు పెట్టి గంప గుడికి పంపించింది. జాతర జరిగింది. ఓళిగలు వండారు, బొరుగులు పంచారు. చూసిన ఆడవాళ్ళు ఎవరూ నోరెత్తలేదు, మగవాళ్ళకు ఏమీ తెలియలేదు.

జాతర వెళ్ళిన కొన్నాళ్ళకే బోరుబండాయన కొడుక్కి జ్వరం పట్టుకుంది. ఒకరోజు తగ్గడం, మళ్ళీ రావడం. అవ్వ అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. పొద్దున్నే వాళ్ళ వీధి దాకా వెళ్ళి, గేటు దగ్గర నిలబడి, ఎవరైనా బయటికి వస్తే "పిల్లోనికి ఎట్లుండాది?" అని అడిగి వచ్చేది. ఒకసారి వాళ్ళమ్మ ఆమెను చూసి తలుపు వేసుకుంది. "వేసుకుంటాది. తల్లి గదా" అంది అవ్వ నాతో.

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి పొయ్యి వెలిగించమంది. ముంతలో కుంకుడుకాయలు వేయించింది. జాతర అయిపోయింది కదా, ఇప్పుడెందుకని అడిగాను. చెవులకు ఆముదం రాసుకుని, చాలాసేపు నానబెట్టి, కమ్మలు తీయమంది. ఎన్నో ఏళ్ళుగా చెవిలో ఉండిపోయినవి, అవి తిరగలేదు. నాకు ఏడుపొచ్చింది. "రక్తం వచ్చినా పర్వాలేదు, తియ్" అంది. వచ్చింది కూడా, రొంత. తీసిన కమ్మలను తానే నురగలో వేసి, పొయ్యి సెగ మీద పెట్టి, ఒక్కో పువ్వు సందూ పేలికతో తుడిచింది. తర్వాత తమలపాకులో చుట్టుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది.

బోరుబండాయనే తలుపు తీశాడు. అవ్వ ఆకు విప్పి చేయి చాపింది.

"అబ్బీ, ఇవి కరిగించి మల్ల పూయించు. నీ మొక్కు నా చేతుల్లో పోగూడదు."

ఆయన కమ్మలను చూడలేదు, ఆమె చెవులను చూశాడు. ఇంత పొడుగు తూట్లు, ఖాళీగా, అంచున ఎండిన రక్తం. "బోడి చెవులు పెట్టుకోని వచ్చినావా పెద్దమ్మా?"

"చెవులు నాయి. బిడ్డ నీది."

ఆయన గడప మీదే కూర్చుండిపోయాడు. "ఆ పొద్దు కడుపు మండింది. ఇంటికొచ్చినాంక ఆలోచన చేసినా. బోరేసినప్పుడు కూడా ముందర బురద ఎళ్ళిపోతేనే మంచినీళ్ళు వస్తాయి. నలుపు దిగకుంటే నాకు మాత్రం నిద్ర పడ్తాదా? నేను మాత్రం యా ఊరోణ్ణి?"

"మరి మొక్కు?"

"మొక్కు నేను తీర్చినాను. ఒంటి మీద ఉంచుకునేది, ఊరి కోసం ఇడిసేది అమ్మ ఇష్టం. మల్ల పూయిస్తే మల్ల నువ్వే తోమల్ల."

"నాకు మనసొప్పదప్పా. తీసుకో."

ఇద్దరూ మొండివాళ్ళే. చాపిన చేయి ఆమె దించలేదు, ఆయన అందుకోలేదు. అప్పుడు లోపల్నుంచి దుప్పటి కప్పుకుని కొడుకు వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. కమ్మలను వంగి చూశాడు.

"అవ్వా, అమ్మ చెవులకు తూట్లుండాయి" అన్నాడు. "ఏమీ లేవు వాటికి. గంపలో ఉన్నప్పుడు చూసినా."

పెద్దవాళ్ళిద్దరూ వాడివైపు తిరిగారు. తర్వాతి మంగళవారం ఆ కమ్మలు అమ్మవారి చెవులకు చేరాయి. అవ్వ తానే పెట్టింది. పక్కన బోరుబండాయన కొడుకుని ఎత్తుకుని నిలబడ్డాడు. వాడి జ్వరం మలేరియా అని తేలింది, మందులతో తగ్గింది. కమ్మలకూ దానికీ సంబంధం ఉందని నేను అనను. లేదని అవ్వ ముందు అనే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆ ఏడు కూడా వాన సరిగా రాలేదు. మొలకలు జానెడు లేచి ఎండాయి. నిజం నలుపే దిగింది కదా, మరి వానెందుకు రాలేదని అవ్వను నిలదీశాను.

"వాన పని వానది. మన పనిలో దొంగతనం లేదు గదా, అంతే" అంది. చెవుల తూట్లు మూసుకుపోకుండా వేపపుల్లలు పెట్టుకునేది. పచ్చివి పెడితే వారానికి ఎండి నల్లబడేవి, మళ్ళీ మార్చేది. బతికినన్నాళ్ళూ అవే ఆమె కమ్మలు. నాయన కొత్తవి చేయిస్తానంటే ఒప్పుకోలేదు. అవ్వ పోయిననాడు బోరుబండాయన కొడుకు గుడిలోని కమ్మలు తెచ్చి, కాసేపు అవ్వ చెవులకు పెట్టమని అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ చాలాసేపు వాటిని చూసి తిరిగి ఇచ్చేసింది. "ఇచ్చింది మల్ల తీసుకునే మనిషి కాదబ్బా మా అత్త" అని, తానే వెళ్ళి రెండు పచ్చి వేపపుల్లలు తుంచి తెచ్చింది. వాటిని పెడుతున్నప్పుడు అమ్మ ఏడ్చిన ఏడుపు నేను ఎప్పటికీ మరిచిపోలేను.

తర్వాత కొన్నేళ్ళు అమ్మ ఆ పని చేసింది. ఆ తర్వాత మేమూ అందరిలాగే పొలం వదిలి బతుకుతెరువుకు బయటపడ్డాం. అమ్మ కూడా ఇప్పుడు లేదు.

సింకు దగ్గర చింతపండు గిన్నె చూసిన ఆ వారంలోనే జాతర పడింది. పిల్లను తీసుకుని, జనం రాకముందే వెళ్ళాను. బండలగుడి లేదు. టైల్సు వేసిన గుడి, ఇనుప గ్రిల్లు, దానికి తాళం. తాళంచెవి బోరుబండాయన కొడుకు దగ్గరే ఉంది. జుట్టు పలచబడింది, కొంచెం బొజ్జ వచ్చింది. పరుగెత్తుకుంటూ వచ్చాడు, పెదాలు నీలంగా లేవు.

"ఏమ్మా, బాగుండావా? మీరు పోయినాంక ఎవురూ పొయ్యి మీద బాన పెట్టలేదు" అన్నాడు తాళం తీస్తూ. "అంగట్లో సీసా మందు తెచ్చి గుడ్డతో తుడుస్తాండారు. ముందరంతా మెరుస్తాది. సందుల్లోకి పోదు." గ్రిల్లు తోసి, "వచ్చే ఏడు నువ్వొస్తావా?" అన్నాడు. నేను లోపలికి వెళ్ళాను.

కమ్మలు అలాగే ఉన్నాయి, ఏమీ మారకుండా. వాటిని ముట్టుకోలేదు. అరిగిన ముక్కు మీద బొటనవేలు పెట్టాను. నునుపుగా ఉంది. అవ్వ వేలు, వాళ్ళ అత్త వేలు, మా అమ్మ వేలు. ముక్కు పక్కన ముడతలోకి వేలు జారింది. తీసి చూస్తే నల్లగా అంటింది. చిక్కటి నలుపు. మేం అందరం వెళ్ళిపోయాక ఇన్నేళ్ళదీ అక్కడే ఉంది, ఎవరూ దించలేదు.

కుళాయి ఉందని అతను చూపించాడు. వద్దన్నాను. వేలు ఎత్తి పట్టుకుని, దేనికీ తగలనీయకుండా ఆటో ఎక్కాను. పొలిమేర రాయి దాటాక ఆపమని దిగాను. పిల్ల చేతిలోని సీసా నీళ్ళు పోయించుకుని, వేలు కడుక్కున్నాను. నల్లటి చుక్కలు ఎర్రమట్టిలో ఇంకిపోయాయి.

"ఏం చేస్తున్నావమ్మా?" అంది పిల్ల.

"తొలి నీళ్ళు" అన్నాను.

దానికి అర్థం కాలేదు. ఆ తడి మచ్చను మళ్ళీ చూడ్డానికి వెనక్కి తిరగబోతే భుజం పట్టుకుని ఆపాను. ఇద్దరం వెనక్కి చూడకుండా ఆటో ఎక్కాం.